వెండి మీది రంగులు: మచ్చా, సాక్ష్యమా?



మీ ఇంట్లో ఒక పాత వెండి నాణెం ఉందనుకోండి. చేతులు మారి అరిగిన రూపాయి కాదు. టంకశాలవారు ప్రత్యేకంగా తయారుచేసి, పెట్టెలో పెట్టి అమ్మిన ‘ప్రూఫ్’ నాణెం. కొన్ననాడు అది అద్దంలా మెరిసింది. పాతికేళ్ళ తరువాత బీరువా సర్దుతూ పెట్టె తెరిచి చూస్తే అంచు చుట్టూ ముదురు నీలం, దాని లోపల వంగపండు రంగు, నడుమ తేనె రంగు పసుపు కనిపించాయి. ఇంట్లో ఒకరు “అయ్యో, పాడైపోయింది, చింతపండు వేసి తోమండి” అంటారు. మరొకరు “ఎంత బాగుందో చూడండి, ముట్టుకోకండి” అంటారు. ఎవరి మాట వినాలి?

చూడటానికి ఇది చిన్న తగాదాయే. కాని దీని వెనుక పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. కాలం ఒక వస్తువు మీద, లేదా ఒక మనిషి మీద, వేసిన గుర్తును మనం ఏం చేయాలి? తుడిచివేయాలా? మెచ్చుకొని అలాగే వదిలివేయాలా? లేని గుర్తును మనమే వేసి చూపించవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు వెదికే ముందు ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. వస్తువు సంగతి తెలియకుండా ధర్మం చెప్పబోతే మాట గాలిలో తేలిపోతుంది.

రంగు ఎలా వస్తుంది?

వెండికి గంధకం అంటే మక్కువ ఎక్కువ. గాలిలో ఏ కొంచెం గంధకపు వాయువు ఉన్నా, కాస్త తేమ తోడైతే చాలు, వెండి దానితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొరగా మారుతుంది. కాలి పట్టీలు, మెట్టెలు, పసివాళ్ళ మొలతాడు నల్లబడటం మన ఆడవాళ్ళకు తెలియనిది కాదు. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడటానికీ కారణం ఇదే. మన కొడవలూరు చుట్టుపక్కల, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ రొయ్యల గుంటలున్నాయి. గుంట అడుగున పేరుకొన్న నల్లబురదను కదిపినప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది కదా, ఆ వాయువే హైడ్రోజన్ సల్ఫైడ్. వెండిని నల్లబరచేది ముఖ్యంగా అదే.

అయితే నలుపు చివరి దశ. మొదట్లో ఆ పొర ఎంత పలుచనంటే, తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. వెలుగు వచ్చి పడినప్పుడు కొంత ఆ పొర పైనుంచి తిరిగి వస్తుంది. కొంత పొరలోనికి పోయి, అడుగున ఉన్న వెండికి తగిలి వస్తుంది. ఆ రెండు అలలూ కలిసే చోట కొన్ని రంగులు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి, మిగిలినవి మన కంటికి చేరతాయి. దీనినే పాఠ్యపుస్తకాల్లో కాంతి వ్యతికరణం అంటారు. వాన పడిన రోడ్డు మీద డీజిల్ చుక్క ఏడు రంగులు చూపించడం, సబ్బు బుడగ మెరవడం ఈ కారణంవల్లనే. అంటే నాణెం మీద నీలం కనిపించినా అక్కడ నీలం రంగు పదార్థమేదీ లేదు. ఉన్నది పొర మందం మాత్రమే. పొర పెరిగేకొద్దీ రంగు మారుతుంది. ముందు లేత పసుపు, తరువాత ఎరుపు కలిసిన గోధుమ, వంగపండు, ముదురు నీలం, లేత నీలం. ఇంకా మందమైతే మరో విడత పసుపు, గులాబీ, ఆకుపచ్చ. ఆపైన నలుపు. నలుపు తరువాత చూడటానికి ఏమీ మిగలదు.

ప్రూఫ్ నాణేలకే ఈ రంగులు ఇంత స్పష్టంగా ఎందుకు వస్తాయి? వాటి తయారీలోనే జవాబు ఉంది. ప్రూఫ్ నాణేనికి బిళ్ళను ముందే మెరుగు పెడతారు. అచ్చును కూడా అద్దంలా మెరుగు పెట్టి, ఎక్కువ ఒత్తిడితో ఒకటికంటే ఎక్కువసార్లు కొడతారు. అందువల్ల నాణెం నేల భాగం నునుపైన అద్దమవుతుంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. అద్దం మీద పొర సమంగా పరుచుకొంటుంది, అడుగునుంచి వెలుగు చెదరకుండా తిరిగి వస్తుంది. కనుక రంగు నిండుగా కనిపిస్తుంది. చేతులు మారి గీతలు పడిన రూపాయి మీద అదే పొర ఏర్పడినా వెలుగు నలుదిక్కులా చెదిరిపోతుంది, మనకు మకిలిగానే కనిపిస్తుంది.

ఇంకొక విచిత్రం ఉంది. గంధకం ఎక్కువగా బయటనుంచి రాదు, నాణేన్ని భద్రంగా దాచిన పెట్టెలోనుంచే వస్తుంది. అట్ట, నాసిరకం కాగితపు కవరు, ఉన్నిగుడ్డ, రబ్బరు బ్యాండు, ఇవన్నీ కొద్దికొద్దిగా గంధకాన్ని వదులుతూ ఉంటాయి. అంచు అట్టకు దగ్గరగా ఉంటుంది కనుక రంగు అంచున మొదలై నడుమకు పాకుతుంది. మన దేశంలో గాంధీజీ శతజయంతికి 1969లో వెలువడిన పది రూపాయల వెండి నాణెంలో 80 పాళ్ళు వెండి, మిగిలినది రాగి. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయల నాణెంలో వెండి సగమే. రాగికి కూడా గంధకం పడుతుంది కనుక ఇటువంటి మిశ్రమాలపై రంగుల తీరు కొంత వేరుగా ఉంటుంది.

అమెరికాలో వెండి డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో నింపి, ఖజానా గదుల్లో దశాబ్దాల తరబడి ఉంచారు. 1960లలో సంచులు బయటికి వచ్చినప్పుడు, సంచి గుడ్డకు ఆనుకొన్న నాణేల మీద ఇంద్రధనుస్సు కనిపించింది. పక్క నాణెం అడ్డుపడిన భాగం మాత్రం నెలవంకలా తెల్లగా మిగిలింది. ఎవరి పక్కన ఎవరున్నారో, ఎవరు ఎవరికి అడ్డు నిలిచారో కూడా ఆ వెండి మీద రాసి ఉంది.

నెల్లూరు బంగారం చెప్పే మాట

వెండి ఇలా అన్నింటినీ గుర్తుపెట్టుకొంటే, బంగారం దేనినీ పట్టించుకోదు. దీనికి మన జిల్లాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే ఒక చిన్న గుడి ఆనవాళ్ళు, వాటి కింద ఒక ముంత, ఆ ముంతలో రోమా చక్రవర్తుల బంగారు నాణేలు బయటపడ్డాయి. అప్పట్లో మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు తమ సంపుటంలో దానిని అచ్చువేశారు. అవి క్రీస్తుశకం రెండవ శతాబ్దపు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టినా రాణిది అందులో ఉన్నాయి. పదహారు శతాబ్దాలకు పైగా మట్టిలో ఉన్నా, చాలా నాణేలు నిన్ననే టంకశాలనుంచి వచ్చినట్టు తళతళలాడాయని డేవిడ్‌సన్ రాశాడు. గంధకం బంగారాన్ని ఏమీ చేయలేకపోయింది.

అయితే అదే ముంతలో కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయి. ఎవరో వాటిని చేతికో మెడకో నగలుగా ధరించి ఉంటారని ఆయన ఊహ. అంటే గాలి వేయలేని గుర్తును మనుషులు వేశారు. ఎవరి మెడలోని కాసో, ఏ తల్లి ఏ బిడ్డకు ఇచ్చిందో, ఆ చిల్లు ఒక్కటే మిగిలిన కథ. తరువాత ఏమైంది? ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా తిరిగి సంపాదించగలిగాడు. ఆ రైతును తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆకలితో ఉన్నవానికి రోమాపురి చరిత్ర అన్నం పెట్టదు. కాని కరిగించినప్పుడు ఏమి పోయిందో గమనించండి. బంగారం ఒక్క గురిగింజ ఎత్తు కూడా తగ్గలేదు. పోయింది సాక్ష్యం.

ఈ మాట మన ప్రశ్నకు తాళంచెవి. నాణెంలో లోహం ఒకటి, సాక్ష్యం ఒకటి. వెండి మీద పడిన రంగు ఆ సాక్ష్యంలో భాగం. సాక్ష్యం విషయంలో మనకు మూడు బాధ్యతలున్నాయని నాకు తోస్తుంది.

దొంగ సాక్ష్యం వద్దు

మొదటిది, లేని సాక్ష్యాన్ని పుట్టించకూడదు. రంగు పట్టిన నాణేలకు సేకరణదారులు ఎక్కువ ధర ఇస్తారని తెలిసినప్పటినుంచి, ఆ రంగును నాలుగు రోజుల్లో తెప్పించేవారు తయారయ్యారు. వేడితో, గంధకపు పొగతో ఆ పని చేస్తారు. ఈ రోజుల్లో ఫోనులో బొమ్మ చూసి డబ్బు పంపేవారు ఉన్నారు కనుక మోసం మరింత సులువైంది. ఇక్కడ తెలివిగల వ్యాపారి ఒక వాదం తెస్తాడు. “అయ్యా, ముప్పై ఏళ్ళలో వచ్చేది సిల్వర్ సల్ఫైడే, నేను తెప్పించినదీ సిల్వర్ సల్ఫైడే. పదార్థం ఒకటే, రంగు ఒకటే, కంటికి ఆనందం ఒకటే. ఇందులో అబద్ధం ఎక్కడుంది?”

వాదం బలమైనదే. రసాయనశాస్త్రం ఒక్కటే చదివినవాడు దీనికి జవాబు చెప్పలేడు. కాని మన రైతు చెప్పగలడు. సంక్రాంతికి ఎద్దు కొమ్ములకు రంగు వేస్తాం. ఎవరూ దానిని మోసం అనరు, ఎందుకంటే దానివల్ల ఎవరూ దేనినీ పొరపాటుగా నమ్మరు. అదే ఎద్దును సంతకు తోలుకుపోయే ముందు, వయసు చెప్పే కొమ్ము వలయాలను అరగదీసి నునుపు చేస్తే? రెండు చోట్లా చేయి పెట్టింది కొమ్ము మీదనే. మొదటిది ముస్తాబు, రెండవది దగా. అబద్ధం కొమ్ములో లేదు, కొనేవాని నమ్మకాన్ని వాడుకోవడంలో ఉంది. నాణెం కొనేవాడు రంగుకు మాత్రమే డబ్బు ఇవ్వడం లేదు. ‘ఇది ముప్పై ఏళ్ళు ఎవరి చేయీ పడకుండా ఒక పెట్టెలో ఉంది’ అనే కథకు ఇస్తున్నాడు. ఆ కథ జరగలేదు. కనుకనే 1980ల చివరినుంచి అమెరికాలో నాణేలకు శ్రేణి నిర్ణయించే సంస్థలు, రంగు అనుమానాస్పదంగా ఉన్న నాణేలకు మామూలు శ్రేణి ఇవ్వడానికి నిరాకరిస్తున్నాయి. అదే మనిషి “ఇది నేను వేసిన రంగు, నచ్చితే కొనుక్కోండి” అని చెప్పి అమ్మితే అందులో పాపం లేదు.

తుడిచివేయడం కూడా అబద్ధమే కావచ్చు

రెండవది, ఉన్న సాక్ష్యాన్ని తొందరపడి చెరపకూడదు. చింతపండు, విభూతి, సబీనా, పళ్ళపొడి, మన ఇళ్ళలో వెండికి వాడేవి ఇవే. పొడులతో తోమినప్పుడు పొరతో పాటు వెండి కూడా కొంచెం రాలుతుంది. ప్రూఫ్ నాణెం అద్దం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, అవి ఇక ఎన్నటికీ పోవు. అంగట్లో దొరికే ద్రావణాల్లో ముంచితే రంగు క్షణంలో పోతుంది. కాని ఆ రంగుపొరలో వెండి కూడా ఉంది కనుక అదీ కరిగిపోతుంది. మళ్ళీ మళ్ళీ ముంచితే నాణెం మెరుపు చచ్చి పాలిపోతుంది. తోమినవాడు కొత్తదనం తెచ్చానని అనుకొంటాడు. నిజానికి ముప్పై ఏళ్ళు పోయాయి, కొత్తదనమూ రాలేదు.

అయితే వెండిని ఎన్నడూ తోమవద్దనా నా మాట? కాదు. వాడుకొనే వస్తువు వేరు, సాక్ష్యంగా దాచిన వస్తువు వేరు. బిడ్డ పాలు తాగే ఉగ్గుగిన్నె శుభ్రంగా ఉండాలి. గుడిలో పానపాత్రను శుభ్రం చేస్తాము, చేయాలి. వెండి పానపాత్ర లోపలి భాగానికి బంగారు పూత పూయాలన్న నియమం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వెండి మారుతుంది, బంగారం మారదు అన్న ఎరుక అందులో ఉంది. మరి అమ్మమ్మ దాచిన విక్టోరియా రూపాయి, నాన్నగారు కొన్న ప్రూఫ్ నాణెం ఎవరి నోటికీ అందించేవి కావు. వాటి పని గుర్తుచేయడం. గుర్తు చెరిపితే ఆ పని చేసేదెలా?

సాక్ష్యం మనకు అనుకూలంగానే ఉంటుందని కూడా అనుకోకండి. పునీత యాకోబుగారు తన లేఖలో ధనవంతులను హెచ్చరిస్తూ, దాచిపెట్టిన వెండిబంగారాలకు పట్టిన తుప్పే వారిమీద సాక్ష్యం చెబుతుందంటారు. ఆ వెంటనే ప్రస్తావించేది కోతకూలీలకు ఎగవేసిన కూలి సంగతి. కొడవళ్ళు పట్టినవారి కష్టంతో పండే ఊళ్ళో ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పెట్టెలో ఎంతకాలం ఊరికే పడి ఉందో ఆ మరక చెబుతుంది. దానిని తోమి మెరిపిస్తే లెక్క సరిపోదు.

నలుపు దాకా వదలవద్దు

మూడవది అన్నింటికంటే ముఖ్యమైనది. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, పునీత తోమాసు అక్వినాసుగారు తరచుగా వాడిన ఒక సూత్రం మాకు నేర్పేవారు. ఏదైనా సరే, దానిని అందుకొనేవారి తీరును బట్టే అందుతుందని దాని భావం. ఒకే గాలి అద్దం మీద ఇంద్రధనుస్సు అవుతుంది, గరుకు మీద మకిలి అవుతుంది, బంగారం మీద ఏమీ కాదు. మనుషుల్లోనూ ఇది చూస్తాం. ఒకే కష్టం ఒకరిని చేదుగా మారుస్తుంది, మరొకరిని మెత్తబరుస్తుంది. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకొంటారు. ప్రసంగాల్లో మేమూ చెబుతాము.

కాని ఇక్కడే ఆగిపోతే పెద్ద ప్రమాదం ఉంది. నాణెం మీది నీలం ఎంత అందమైనదైనా, అది వెండి తరిగిపోతున్నందువల్ల పుట్టినది. వంగపండు రంగు తరువాత నీలం, నీలం తరువాత ఏనాటికో నలుపు. అందం ఆ దారిలో ఒక మజిలీ మాత్రమే. అందుచేత రంగును మెచ్చుకొంటూ నాణేన్ని ఆ అట్టపెట్టెలోనే వదిలేసేవాడు నాణేన్ని ప్రేమించేవాడు కాడు.

మన ఇళ్ళలో జరిగేది చూడండి. భర్త తాగుడును ఇరవై ఏళ్ళుగా భరిస్తున్న ఇల్లాలిని “ఎంత ఓర్పు గల మనిషమ్మా, ఆమె ముఖంలోనే ఆ కళ ఉంది” అంటాం. తమ్ముళ్ళ చదువుకోసం తన చదువు మానుకొన్న అక్కను, మంచంలో ఉన్న అత్తగారికి ఒంటరిగా ఊడిగం చేసే కోడలిని అందరిముందు పొగుడుతాం. ఆ పొగడ్త అబద్ధం కాదు. వారి ఓర్పు నిజం, దానిలోని అందం కూడా నిజం. కాని పొగిడి, పెట్టె మూతపెట్టి వెళ్ళిపోతున్నాం. వారి బాధ మనకు చూడముచ్చటగా ఉందని, అది వారికి మేలు చేస్తోందని ఎవరు చెప్పారు? బాధను మోసినవారు, ‘దీనివల్ల నేను నేర్చుకొన్నాను’ అని తామే చెప్పుకొంటే తలవంచి వినాలి. వారి తరఫున ఆ మాట చెప్పే హక్కు పక్కనున్న మనకు లేదు. మన పని పెట్టె మార్చడం. ఆ సంచుల్లోని పక్క నాణెంలా కొంత అడ్డు నిలవడం.

ఇక నాణెం సంగతికి వస్తే, చేయవలసినది చాలా కొద్ది. అంచులు మాత్రమే పట్టుకోండి. అట్టపెట్టె, ఉన్నిగుడ్డ, రబ్బరు బ్యాండు తీసివేయండి. మెత్తని పీవీసీ సంచులూ వద్దు, అవి నాణేన్ని మరో విధంగా పాడుచేస్తాయి. నాణేలకోసమే చేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం దగ్గర ఉంచండి. వచ్చిన రంగు నిలుస్తుంది, ముందుకు పాకడం చాలావరకు తగ్గుతుంది. తోడుగా ఒక చీటీ మీద ఆ నాణెం ఎవరు కొన్నారో, ఏ సంవత్సరం, ఎవరికి ఇచ్చారో రాసి ఉంచండి. అమ్మవలసి వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి.

బీరువాలోని పెట్టె తెరిచేముందు, ఇంట్లో మనం మెచ్చుకొని వదిలేసిన మనిషి ఎవరైనా ఉన్నారేమో కూడా ఈ వారం కుటుంబమంతా కూర్చొని ఒకసారి ఆలోచించండి.